ముక్కులు కొలిచిన శాస్త్రము

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన 'దక్షిణ హిందూదేశపు కులములు, తెగలు' అను గ్రంథము మన విద్యావంతులకు క్రొత్తది కాదు. కులచరిత్ర వ్రాయ బూనిన ప్రతివాడును మొదట దానినే తిరుగవేయును. తన కులమును గూర్చి అందు మంచిమాట యున్నచో సగర్వముగ ఉదాహరించును. లేనిచో పరదేశి కేమి తెలియునని పుస్తకము మూయును. ఇన్ని విధముల ఉపయోగపడుచున్న యీ గ్రంథమునకు పీఠిక యొకటి కలదు. దానిని చదువువారు తక్కువ. అందొక చిన్న కథ యున్నది.

వయనాడు కొండలలో పణియరను తెగవారు కలరు. థర్‌స్టన్ తన కొలతసాధనములతో వారి నడుమకు పోగా స్త్రీలు పరుగెత్తిపోయిరట. తమలో మేలైన రూపముగలవారిని ఏఱి, తోలులో గడ్డి కూరి, మద్రాసు మ్యూజియములో నిలువబెట్టుటకు ఈయన వచ్చెనని వారి నమ్మకమట. ఇంతటితో ఆయన ఊరకుండలేదు. ఆ పని సాధ్యమైన నెంత బాగుండును, బ్రదికియున్న మనుష్యులను చూచి బొమ్మలు చేయించు తంటా తీఱిపోవును గదా యని చమత్కరించెను. ఆ పీఠిక చదివిన దొరలు నవ్వియే యుందురు. మన దేశీయపాఠకులలో కూడ కొందఱు నవ్వియుందురు.

మానవశాస్త్రచరిత్ర చెప్పువారు టైలరు, మోర్గాను, ఫ్రేజరు, బోయాసు అని పేర్లు వరుసపెట్టి, ఒకరి పొరపాటును వేఱొకరు దిద్దుచు వచ్చిరని చెప్పి ముగింతురు. ఆ వరుసను మేమును కొంత చెప్పక తప్పదు. కాని ఆ శాస్త్రమునకు విషయమైన జనులు ఆ శాస్త్రజ్ఞులను గూర్చి ఏమనుకొనిరో, అదియు ఆ చరిత్రలో భాగమే యని మా యభిప్రాయము. పణియస్త్రీల పరుగు ఒక విమర్శ. అది యెంతవఱకు సత్యమో పరిశీలింతము.

థర్‌స్టన్ వైద్యవిద్య నభ్యసించినవాడు. 1885 మొదలు 1908 వఱకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు అధ్యక్షుడుగా నుండెను. ముత్యపుచిప్పలు, నాణెములు, మనుష్యులు, ఇవి యన్నియు ఆయన పరిశీలనలోనివే. మద్రాసులోని సామాన్యజనులు ఆ మ్యూజియమునకు 'చచ్చిన కాలేజి' యని పేరుపెట్టుకొనిరి. జంతువుల నుంచు తోట వారికి 'బ్రదికిన కాలేజి'. చచ్చిన కాలేజి యధికారి మన యూరికి వచ్చి మన ముక్కు కొలుచుచున్నాడన్నచో, అటుపిమ్మట ఏమి చేయునో యని భయపడుట కంత గొప్ప యజ్ఞాన మక్కఱలేదు.

ముక్కు లేల కొలువవలసివచ్చెను? 1901వ సంవత్సరపు జనాభాలెక్కల కధిపతియైన హెర్బర్టు రిజ్లీ యొక సిద్ధాంతమును పట్టుకొనెను. ముక్కు వెడల్పును నూఱింట హెచ్చవేసి పొడవుచే భాగింపగా వచ్చు అంకెకు నాసికాప్రమాణమని పేరు. ఆ యంకె తగ్గినకొలది కులము హెచ్చనియు, పెరిగినకొలది కులము తక్కువయనియు ఆయన వాదము. ఆ సంవత్సరమే ప్రభుత్వము దేశమంతట జాతుల పరిశీలన కేర్పాటు చేసి, మద్రాసు రాజధానిలో ఆ పని థర్‌స్టనున కప్పగించెను. కె. రంగాచారి యను దేశీయుడు ఆయనకు సహాయుడు. ఈ రంగాచారి వృక్షశాస్త్రజ్ఞు డగుటయు గమనింపదగినదే. చెట్లను తెలిసినవాడు మనుష్యులను కూడ వర్గీకరింపగలడని ఆనాటి నమ్మకము కాబోలు. ముక్కుసిద్ధాంతము మాత్రము చిరకాలము నిలువలేదు. జి. ఎస్. ఘూర్యే పండితుడు 1932లో ఆ యంకెలను పరిశీలించి, ఉత్తరహిందూస్థానమునకు వెలుపల ఆ వాదము పొసగదని చూపెను. అంకెలు పోయినవి, అంకెలు వేయించిన బుద్ధి అంత సులభముగ పోలేదు.

ఈ గ్రంథమును నిందించి త్రోసివేయుట మా యుద్దేశము కాదు. వివాహవిధులు, అంత్యక్రియలు, కులపంచాయతీల తీర్పులు, ఇంటిపేర్లు ఇందు లెక్కకు మిక్కిలిగ నున్నవి. అందు కొన్ని నేడు వేఱెక్కడను దొరకవు. కాని గ్రంథము ఇంగ్లీషు అక్షరక్రమమున నడచినది. మూడవ సంపుటము మొత్తము ఒక్క 'కె' అక్షరమునకే చెల్లినది. నిఘంటువునకు తగిన యీ పద్ధతి మనుష్యులకు తగదు. ఒక తెగకును దాని పొరుగువారికిని నడుమ భూమి యుండును, అప్పుండును, అడవి యుండును, తగవుండును. అక్షరక్రమములో ఈ సంబంధములకు చోటు లేదు. ప్రతి తెగయు ఒక్కొక్క అద్దపుబీరువాలో ఒంటరిగ నిలిచియుండును. అనగా గడ్డి కూరకయే పని నెరవేరినది.

ఆ పీఠికలోనే మఱియొక సంగతి. నీలగిరులలో నొక ఇరుళుడు కొలత కొప్పుకొనలేదట. అడవి యేనుగునకు సంబంధించిన పాతనేర మొకటి యాతనిపై నుండెను. ఎత్తు కొలుచు కఱ్ఱను చూచి యాతడు, ఇది ఉరికంబమని చెప్పి తప్పించుకొనెనట. దీనికిని పాఠకుడు నవ్వవలెనని గ్రంథకర్త యుద్దేశము. కాని, ఆ కఱ్ఱకును పోలీసువారికిని సంబంధము లేదని యెవరనగలరు? థర్‌స్టన్ మద్రాసులో పోలీసు ఉద్యోగులకు శరీరపు కొలతలు తీయుట నేర్పినవాడే. కొరవలను, అనగా మన యెఱుకలను గూర్చిన దీర్ఘప్రకరణమున కాధారములు చూడుడు. పోలీసు అధికారియైన ఫాసెట్ వ్రాతలు, 'మద్రాసు రాజధానిలోని నేరస్థవర్గములు' అని ముల్లాలీ 1892లో వ్రాసిన పుస్తకము. ఒక జాతివారి బుట్టలల్లికను, సోదెను, పెండ్లిని, భాషను పోలీసువాని మాటవలన తెలిసికొనుట యెట్టిదనగా, ఒక కుటుంబపు యోగ్యతను దానిపై వ్యాజ్యము వేసినవాని నడిగి తెలిసికొనుటవంటిది.

ఇది గ్రంథములకే పరిమితమైన దోషమైనచో మేమింత వ్రాయము. నేరస్థజాతుల చట్టము 1871లో పుట్టి 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించెను. పుట్టిన బిడ్డ యే నేరమును చేయకమునుపే నేరస్థుడను భావము ఆ చట్టమునకు ప్రాణము. బాపట్లకు దగ్గఱనున్న స్టూవర్టుపురము ఆ కాలమున నెలకొల్పిన స్థావరములలో నొకటి; ముక్తిసేనవారి పాలనలో ఎఱుకకుటుంబములు అందుంచబడెను. మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయ్యెను. ఆ యూరిపేరు చెప్పగనే నవ్వియో జడిసియో మాటలాడు అలవాటు మాత్రము మన యిండ్లలో నింకను రద్దుకాలేదు. మన సినిమాలు దానిని పెంచినవి. కొలతకఱ్ఱలో ఉరికంబమును చూచిన ఇరుళునికి దృష్టిదోష మేమియు లేదని మేము తలంచుచున్నాము.

ఇక పణియస్త్రీల మాట. మ్యూజియములో మనుష్యులను నిలుపుదురా? ఇంచుమించు ఆ దినములలోనే, 1897లో, రాబర్టు పియరీ యను యాత్రికుడు గ్రీన్లాండునుండి ఆర్గురు ఇన్యూట్ జనులను న్యూయార్కులోని ప్రకృతిచరిత్ర మ్యూజియమునకు తెచ్చెను. సంవత్సరము తిరుగకమునుపే నలుగురు రోగముచే మరణించిరి. మృతులలో కిసుక్ అనువానికి మినిక్ అను చిన్నకుమారు డుండెను. తండ్రికి సమాధి చేసితిమని బాలుని నమ్మించుటకై మ్యూజియము వారు తోలుచుట్టిన మొద్దును పాతిపెట్టి ఉత్తరక్రియ నటించిరి. ఎముకలను మాత్రము దాచుకొనిరి. కొన్నియేండ్లకు మినిక్ నిజము తెలిసికొని తండ్రి యెముకల నిమ్మని యడిగెను, ఈయలేదు. 1918లో ఆతడు మరణించెను. ఆ నలుగురి యెముకలు గ్రీన్లాండు చేరుటకు 1993 కావలసివచ్చెను.

టాస్మేనియాలో త్రుగనినీ యను స్త్రీ కథ ఇంతకంటె ముందటిది. తన దేహమును పండితులు కోసి దాచుకొందురేమో యని ఆమె జీవించియుండగనే భయపడి, అట్లు చేయవలదని వేడుకొనెను. 1876లో ఆమె మరణింపగా పాతిపెట్టి, రెండేండ్లకు త్రవ్వితీసిరి. 1904 నుండి 1947 వఱకు ఆమె యస్థిపంజరము హోబర్టు మ్యూజియములో ప్రదర్శనకు నిలిచెను. దహన మయినది 1976లో, శతవర్షముల పిదప. ఆమెతో టాస్మేనియా జాతి యంతరించెనని పుస్తకములలో వ్రాసిరి. ఆ జాతి సంతతివారు నేటికిని తమ దీవిలో నున్నారు, ఆ వ్రాతను ఖండించుచున్నారు.

వయనాటి స్త్రీలకు హోబర్టు తెలియదు, న్యూయార్కు తెలియదు. మన మ్యూజియములో పణియల నెవరిని నిలువబెట్టిరనియు మేము చెప్పుటలేదు. ఐనను, తమను చూచుటకు వచ్చినవాని చూపులో తాము మనుష్యులమో మాదిరి వస్తువులమో యని వారు వేసికొన్న ప్రశ్నకు ఆ కాలపు శాస్త్ర మిచ్చిన ప్రత్యుత్తరము వారి యూహకు దూరమైనది కాదు. ఆయన హాస్యమే వారికి సాక్ష్యము.

ఈ హాస్యము ఒక వ్యక్తి దుర్గుణమువలన పుట్టినదనుటయు సరికాదు. థర్‌స్టన్ క్రూరుడు కాడు. ఆయన నవ్వునకు వెనుక నొక నిచ్చెన యున్నది. నేరస్థజాతుల చట్టము పుట్టిన 1871లోనే ఇంగ్లాండులో ఎడ్వర్డు టైలరు 'ఆదిమసంస్కృతి' యను గ్రంథమును ప్రకటించెను. మనుష్యులందఱి మనస్సు ఒక్కటే. భేదము స్వభావమందు లేదు, ఎక్కిన మెట్టునందే యున్నదని యాయన సిద్ధాంతము. ఆనాటి కిది యుదారమైన మాట. నల్లవారును తెల్లవారును వేఱువేఱు సృష్టులని వాదించు పండితులు అప్పటి కింకను నోరు మూయలేదు. వారి కెదురుగ మానవజాతి యేకత్వమును నిలిపినందుకు టైలరును గౌరవింపవలసినదే. కాని యీ యేకత్వమునకు ఆయన గొప్ప వెల పుచ్చుకొనెను. నేడు మనతోపాటు బ్రదుకుచున్న అడవిజాతి, మన సమకాలికులు కాక, మన ముత్తాతల ముత్తాతలైరి. వారికి చరిత్ర లేదు. వారే మన చరిత్ర.

నిచ్చెనకు మెట్లు లెక్కపెట్టినవాడు అమెరికాలో రోచెస్టరు పట్టణపు న్యాయవాది లూయీ హెన్రీ మోర్గాను. 1877లో వెలువడిన 'పురాతన సమాజము'లో ఆటవికదశకు మూడు, అనాగరికదశకు మూడు, వానిపై నాగరికత, మొత్తము ఏడు మెట్లు. నిప్పు, చేపలవేట వచ్చిన నొక మెట్టు, విల్లంబులు వచ్చిన మఱియొకటి, కుండలు చేసిన నింకొకటి, ఇనుము కరగించిన నింకొకటి, అక్షరములున్న నాగరికుడు. ఈ లెక్క ననుసరించి, కుండలును విల్లంబులును లేవని పాలినీసియా దీవులవారిని క్రిందినుండి రెండవ మెట్టున కూర్చుండబెట్టెను. ఆ జనులు నక్షత్రములను, అలల తీరును చూచి, దిక్సూచి లేకయే ప్రపంచమున కెల్ల పెద్దదైన సముద్రమును దాటి దీవిదీవికి కాపురములు పెట్టినవారు! మట్టికుండ లేనివాడు మహాసముద్రము దాటినను కొలబద్దకు కనబడడు.

మోర్గాను విషయమున ఇంకొక వింత కలదు. ఇరొక్వా జనుల వ్యవస్థను గూర్చి ఆయన 1851లో వ్రాసిన తొలిగ్రంథము, వారిలో సెనెకా తెగకు చెందిన ఈలీ పార్కరు సాహాయ్యమున కలిగినది. ఆ గ్రంథ మాతనికే యంకితము. ఆ పార్కరు పిమ్మట సేనలో చేరి, 1865లో అమెరికా యంతర్యుద్ధము ముగిసినపుడు లొంగుబాటు నిబంధనల ప్రతిని స్వహస్తముతో వ్రాసెను. అటు పండ్రెండేండ్లకు వెలువడిన మోర్గాను నిచ్చెనపై ఇరొక్వాలు నాల్గవ మెట్టున, అనగా అక్షరములకు మూడు మెట్లు క్రింద నున్నారు. మిత్రుని చూచియు మెట్టునే నమ్మిన పండితుని మేము తప్పుపట్టుటకంటె జాలిపడుట మేలు. ఏలయన ఆ నిచ్చెన మన యింటిలో కూడ నున్నది.

మన సంఘసంస్కరణ వాఙ్మయము చదివినవారికి ఈ మాట క్రొత్త గాదు. స్త్రీవిద్య కావలెనన్నను, బాల్యవివాహము మానవలెనన్నను, నాగరికదేశములు ముందు నడచుచున్నవి, మనము వెనుకబడితిమి, మేల్కొనుడు అనుట మన యుపన్యాసముల పద్ధతి. వాదము మంచిదే, పని జరిగినది. కాని నిచ్చెన నడిమిమెట్టున నిలుచున్నవానికి పైవాడు తన్ను తక్కువగ చూచినపుడు కలుగు నొప్పికి క్రిందివాడు మందు. మేమును ఆర్యులమే, మేమును నాగరికులమే, అనాగరికులు ఆ కొండమీదివారు అని మనమును ఆ మందు త్రాగితిమి. పిల్లవాడు అల్లరి చేసిన అడవిమనిషి యందుము. మోటుగ నున్నవానిని కోయవాడందుము. చదువుకొన్న యిండ్లలోనే యందుము.

పూర్వగ్రంథములు మనకీ గర్వమున కాధార మీయవు. ఐతరేయ బ్రాహ్మణములో విశ్వామిత్రుని మాట వినక శాపముపొందిన కుమారుల సంతతి యెవరని చెప్పినారు? ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. ఆర్యసీమకు వెలుపలి దస్యుల పట్టికలో మన పేరును శబరుల పేరును ఒక్కవాక్యమున నున్నవి. ఆంధ్రుల ప్రాచీనత కిది మొదటి యాధారమని మన చరిత్రకారులు దీనిని సంతోషముతో నుదాహరింతురు. ప్రక్కనున్న పేరును చదివి యూరకుందురు.

నిచ్చెనను విఱిచినవారిలో ముఖ్యుడు ఫ్రాంజ్ బోయాసు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. 1887లోనే ఈయన మ్యూజియముల యమరికపై తగవుపెట్టెను. విల్లులన్నియు ఒకచోట, కుండలన్నియు ఒకచోట మెట్లుమెట్లుగ పేర్చరాదు. ఒక్కొక్క జనసమూహపు వస్తువులు వారి జీవితముతో కలిపి చూపవలెనని ఆయన వాదము. పిమ్మట అమెరికాకు వలసవచ్చినవారి బిడ్డల తలలు కొలిపించి, ఆ దేశమున పుట్టిన బిడ్డల తలలయాకారము తల్లిదండ్రుల తలలకంటె మాఱుచున్నదని చూపెను. తల మాఱునదైనచో తలను బట్టి జాతిని శాశ్వతముగ నిర్ణయించుట యెట్లు? కొలతతోనే కొలతను ఓడించిన యీ పని మాకు మిక్కిలి ప్రియమైనది. 1911లో 'ఆదిమమానవుని మనస్సు' అను గ్రంథమున ఈ విషయములన్నియు వివరించెను. ఐనను, మినిక్ తండ్రికి నటించిన ఆ సమాధి విషయమున బోయాసు పేరును వినబడుచున్నది. జాతిగర్వమును ఖండించిన పండితుడే ఒక బాలుని దుఃఖమును గ్రహింపలేకపోయెను.

ఇక మన తెనుగుదేశమున ఇంతకంటె హృద్యమైన చరిత్ర కలదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరలను కొలువలేదు. వారి భాష నేర్చుకొనిరి. మన్నెపు జ్వరములను లెక్కసేయక కొండలలో తిరిగి, సవరభాషలో వాచకములు వ్రాసి, స్వంతధనముతో బడులు పెట్టించి, సవరబిడ్డలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను ప్రభుత్వముచే ప్రకటింపబడెను. ఒక భాషకు వ్యాకరణము వ్రాయుట, ఆ భాష మాటలాడువారు మనవలె ఆలోచింతురని యొప్పుకొనుటయే. క్రియకు కాలమున్నది, కర్మకు స్థానమున్నది, పరిహాసమునకు మాటలున్నవి. ఇక నిచ్చెన యెక్కడ వేయుదుము? వ్యావహారికభాష కొఱకు జీవితాంతము పోరాడిన యీ మహనీయుని గూర్చి మేమిట్లు గ్రాంథికమున వ్రాయుట చూచి వారు నవ్వియే యుందురు. ఆ నవ్వునకు మేము తలయొగ్గెదము. వారి సవరకృషిని మాత్రము మన విమర్శకులు తెనుగువాడుకభాషోద్యమమునకు ప్రక్కనొక పాదసూచికగ చేసిరి. మా యూహలో, జనుల నోట నున్న మాటకు గౌరవ మీయవలెనను బుద్ధి పంతులుగారికి కొండలలోనే బలపడియుండును.

వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ వేఱుమార్గమున వచ్చినవాడు. 1939లో యుద్ధ మారంభమగునప్పటికి ఆయన మనదేశమున నుండుటచేతను, జర్మను పాసుపోర్టు కలిగియుండుటచేతను, హైదరాబాదు సంస్థానపు టెల్లలలో నుండవలసివచ్చెను. ఆ నిర్బంధమే మనకు మూడు గ్రంథముల నిచ్చినది: 1943లో చెంచులు, 1945లో పాపికొండల రెడ్లు, 1948లో ఆదిలాబాదు రాజగోండులు. ఈ మూటిని వరుసగ చదివిన నొక మనుష్యుని చూపు మాఱుట కనబడును.

చెంచుల గ్రంథము మూటిలోను సుందరమైనది. మూటిలోను నిచ్చెనకు దగ్గఱైనదియు నదే. ఆహారమును పండింపక సేకరించి బ్రదుకు అతిప్రాచీన జనస్తరమునకు చెంచులు మిగిలిన సాక్షులని ఆయన దృష్టి. గడ్డలు త్రవ్వుట, తేనె దింపుట, స్త్రీపురుషుల స్వేచ్ఛ, ఇవి కన్నులకు కట్టినట్లు వ్రాసెను. కాని ఆ ప్రాచీనులు మాటలాడునది తెనుగు! శ్రీశైలమునకు పోవు యాత్రికులకు త్రోవచూపువారు వారు. అహోబలమున నరసింహస్వామికి పిల్లనిచ్చినవారు వారు. ఆ గ్రంథము వెలువడిన 1943లోనే మద్రాసులో 'చెంచులక్ష్మి' సినిమా విడుదలయ్యెను. తెనుగువారు చెంచులను దేవునికి అత్తవారుగ చూచుచుండగా, పండితుడు వారిని శిలాయుగపు వారుగ చూచెను. రెండును కథలే. సినిమాలోని చెంచిత సింగారించిన నటియే కాని చెంచుస్త్రీ కాదు. గ్రంథములోని చెంచువాడు మనతో శతాబ్దములుగ ఇచ్చిపుచ్చుకొన్న మనుష్యుడు కాదు. అడవి యధికారి, కంట్రాక్టరు, పోలీసు లేని నల్లమల ఆనాడును లేదు.

పాపికొండల గ్రంథమున కంట్రాక్టరు ప్రవేశించెను. గోదావరిపై కలపవ్యాపారులు కొండరెడ్లకు చిన్నబదుళ్లిచ్చి, ఆ యప్పు తీఱనీయక తరతరములు వెట్టిచేయించుకొనుట ఆయన చూచెను, వ్రాసెను. అక్షరక్రమములో చోటులేని సంబంధము లిచ్చట గ్రంథవిషయమైనవి. ఇక ఆదిలాబాదులో 1940లో కొమరం భీము నాయకత్వమున గోండులు జోడేఘాటువద్ద తిరుగబడి నిజాము పోలీసుల తుపాకులకు గుఱియైరి. గోండుల స్థితిని పరిశీలించు పనిని ప్రభుత్వము హైమెన్‌డార్ఫునకు అప్పగింపగా, ఆయన చెప్పినది సూటియైన మాట: వారి తిరుగుబాటునకు కారణము వారి స్వభావము కాదు, వారి భూమి పోవుట. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులను తయారుచేయు బడి పెట్టించెను, భూములకు పట్టాలిప్పించెను. తెగ స్వభావము నడుగుట మాని తెగ భూమి నడిగినపుడే ఈ శాస్త్రము పరువు నిలుపుకొన్నదని మా విమర్శ.

ఆ దినములలోనే పండితులలో నొక పెద్దతగవు నడచుచుండెను. వెరియర్ ఎల్విన్ 1939లో బైగాలను గూర్చి వ్రాయుచు, అట్టి జనులను బయటివారి రాకపోకలనుండి కాపాడి ప్రత్యేకస్థలముల నుంచవలెననెను. రిజ్లీ ముక్కుల నోడించిన ఘూర్యేయే 1943లో దీని నెదిరించి, ఆదివాసులనువారు వేఱుజాతి కారు, వెనుకబడిన హిందువులే, వారిని మనలో కలుపుకొనవలెననెను. మన సంస్కర్తలు సహజముగ ఘూర్యే పక్షము వహించిరి. ఒకరు కంచె వేయుదు మనిరి, ఒకరు కలుపుకొందు మనిరి. అడుగవలసినవారి నిద్దఱును సరిగ నడుగలేదు. అడుగకయే సమాధాన మిచ్చినవాడు జయపాల్‌సింగ్ ముండా. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సులో మన హాకీజట్టుకు నాయకుడైన యీయన, 1946 డిసెంబరులో రాజ్యాంగపరిషత్తున లేచి, తాను జంగ్లీయే యని గర్వముతో చెప్పుకొని, ప్రజాస్వామ్యమును ఆదివాసులకు మీరు నేర్పనక్కఱలేదు, వారివద్ద మీరే నేర్చుకొనవలెనను నర్థమున ప్రసంగించెను. మనము తిట్టుగ వాడుకొన్న మాటను బిరుదుగ తీసికొని సభలో నిలిచిన యా నిమిషము, మా దృష్టిలో, ఈ శాస్త్రచరిత్రలో ఏ గ్రంథప్రకటనకును తక్కువైనది కాదు. ఆ మార్గముననే 1969లో అమెరికా ఆదివాసియైన వైన్ డెలోరియా మానవశాస్త్రజ్ఞులనే పరిహాసమునకు విషయముగ చేసి యొక ప్రకరణము వ్రాసెను. 1999లో మావోరీ విదుషి లిండా తుహివాయి స్మిత్ పరిశోధనయను మాటయే తమ జనులకు చేదైన కథను గ్రంథముగ వ్రాసెను. పణియస్త్రీల పరుగునకు ఇన్నాళ్లకు వ్యాఖ్యానము లభించినది.

హైమెన్‌డార్ఫ్ మాత్రము మఱలమఱల ఆదిలాబాదునకు వచ్చుచుండెను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ఆ మఱుసటియేట, 1982లో, ఆయన ప్రకటించిన గ్రంథము ముక్కుల కొలతలును, మెట్లును లేని గ్రంథము. తాను నలువది యేండ్లక్రింద పట్టాలిప్పించిన భూములలో పెక్కు బయటినుండి వలసవచ్చినవారి చేతులలోనికి పోయిన విధమంతయు అందు గ్రామగ్రామమునకు వ్రాసియున్నాడు. ఆ వలసవచ్చినవారిలో మన తెనుగుపత్రికలను చదువగలవారును ఉండిరి.